ఊరి పేరు ముందు మాట

పక్కవాటాలో ఉండే పిల్ల కొత్తగా కొన్న గోళ్లరంగు సీసా తెచ్చుకుని మా గుమ్మంలో కూర్చుని మూత తీసింది. ఆ ఘాటు వాసన తగలగానే చదువుతున్న పుస్తకం మూసేశాను. కాపీలు తీయడానికి టైపు కొట్టే స్టెన్సిల్ కాగితం మీద తప్పు పడితే చెరపడానికి కుంచెతో పూసే ఎర్రమందుకు అచ్చం ఇదే వాసన. ఆఫీసులో రోజూ పీల్చేదే. అక్కడ పనిలో పడి పట్టించుకోను. ఆదివారం పూట ఇంట్లో తగిలితే మాత్రం, మా రత్నంగారు చిన్న కుంచె పట్టుకుని ఎదురుగా వచ్చి కూర్చున్నట్టుంటుంది.

నరసరావుపేటలో ప్రభుత్వ సమాచార శాఖ ఆఫీసులో తెలుగు టైపిస్టుగా చేరేనాటికి నాకు నోట్లోంచి మాట వచ్చేది కాదు. చెప్పాలనుకున్నవన్నీ రాత్రికి డైరీలో రాసుకునేదాన్ని. రత్నంగారు మా అధికారి. వ్యవసాయం వాళ్లు, ఆసుపత్రి వాళ్లు, పోలీసులు పంపిన సమాచారాన్ని తేలిక తెలుగులోకి మార్చి పత్రికలకూ రేడియోకూ పంపడం మా పని. టైపు చేసిన ప్రతిదాన్నీ ఆయన నాచేత పైకి చదివించేవారు.

"గట్టిగా చదువమ్మా. అక్కడ పంచాయతీ రేడియో కింద నలుగురు కూర్చున్నారు. నీ గొంతు నీకే వినపడితే వాళ్లేం కావాలి?"

పోలీసుల నోట్లకు మాత్రం ఇలా పైకి చదవడం ఉండేది కాదు. అవి హడావుడిగా వచ్చేవి. నల్లమల వైపు పరిస్థితులు బాగాలేని రోజులు. వచ్చినవి వచ్చినట్టే పంపేసేవాళ్లం.

అలా పంపినవాటిలో ఒకటి నల్లబండపాలెం గురించి. మాచర్ల దాటాక రోడ్డుకు లోపలగా ఉండే చిన్న ఊరు. నాపరాళ్ల గనుల్లో పనిచేసేవాళ్లు, కాస్త మిరప వేసుకునేవాళ్లు. ఊరికి దూరంగా అడవిలో కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. 'తీవ్రవాదుల స్థావరమైన నల్లబండపాలెం సమీపంలో' అని నోట్‌లో ఉంది. సాయంత్రం రేడియోలో అదే మాట వచ్చింది. మర్నాడు పేపర్లన్నిటిలోనూ అదే మాట.

కొన్నాళ్లకు ఒకామె ఆఫీసుకు వచ్చింది. జుట్టు నిండా రాతిపొడి. పేరు కోటమ్మ అని చెప్పింది.

"రేడియో వార్తలు రాసేది ఇక్కడేనంటగా అయ్యా? మా ఊరి పేరు రేడియోలో రావటం అదే మొదలు. మా ముసలాయన చానా సంబరపడ్డాడు. తర్వాత గదా తెలిసింది, ఎందుకొచ్చిందో. స్థావరమంటే ఏందయ్యా?"

"దాక్కునే చోటమ్మా," అన్నారు రత్నంగారు నెమ్మదిగా.

"మా ఇళ్లకు తలుపులే సరిగ్గా లేవు. ఎవుడొచ్చి దాక్కుంటాడు?"

అటెండరు నవ్వాడు. ఆమె నవ్వలేదు. వార్త వచ్చినప్పటి నుంచి బస్సు ఊళ్లోకి రావడం మానేసిందట. డ్రైవర్లకు భయం. రోడ్డు మీదే దించేసి వెళ్లిపోతున్నారు. మాచర్ల హైస్కూల్లో పదో తరగతి చదివే ఆమె కూతురు నాగమణి, ఇంకొందరు ఆడపిల్లలు సాయంత్రం పూట గనుల దారిలో నడిచి రాలేక బడి మానేశారు. పరీక్షలు దగ్గరికొచ్చాయి.

"పిల్ల పుస్తకాలు మూటగట్టి అటకెక్కించిందయ్యా. రేపట్నుంచి నాతో రాళ్లకొస్తదంట."

"ఆ మాట పోలీసువాళ్లది కదండీ, మనదేముంది?" అన్నాడు అటెండరు.

"నేను సంతకం పెట్టి పంపాను. ఇక నాదే," అన్నారు రత్నంగారు.

ఆమె వెళ్లాక ఆయన ఆ పోలీసు నోట్ మళ్లీ తీసి చదివారు. పోలీసుల ప్రకటనను మేం ఖండించడానికి వీల్లేదు. ఖండిస్తే ఆయన ఉద్యోగానికే ముప్పు. చివరికి నావైపు తిరిగి, "ఖండన రాయలేమమ్మా. వార్త రాయొచ్చు గదా," అన్నారు.

మర్నాడే ఊళ్లల్లో సినిమాలు వేసే మా ఆఫీసు వ్యానును ఆ ఊరికి బయలుదేరదీశారు. డ్రైవరు తాళాలు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

"అది స్థావరమంట గదండీ!"

"రాసి పంపినవాణ్ని నేనే వస్తున్నా. ఎక్కు."

ఆడవాళ్లతో మాట్లాడటానికి నన్నూ రమ్మన్నారు. ఆసుపత్రి నర్సు చిన్నపిల్లలకు టీకాలు వేసేముందు, వాటి గురించి నేను మైకులో చెప్పాలి. మైకు ముందు నా గొంతు పెగల్లేదు. "నీకంటే మా కోడే నయమే అమ్మాయ్, ఒక్కసారైనా కూస్తది!" అంది కోటమ్మ. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే మాట వచ్చేసింది.

తిరిగొచ్చి 'నల్లబండపాలెంలో పిల్లలకు టీకాలు' అని రాశాం. తర్వాత అక్కడి మిరప తోటలకు పట్టిన తెగులు గురించి రాశాం. ఆ తర్వాత నాపరాళ్లు చెక్కే పనితనం గురించి. ఒక్కటీ అబద్ధం కాదు. రేడియో చదివింది, పేపర్లు ఒక మూలన వేశాయి. ఓ రోజు పైఅధికారి ఫోన్ చేశారు. నాకు వినపడింది రత్నంగారి మాటలే.

"అవును సార్, మళ్లీ ఆ ఊరే... బంగారమా? లేదు సార్, మిరపకాయలున్నాయి... ట్రాన్స్‌ఫరా? తమ దయ సార్. పోయేలోపు ఇంకో వార్త ఉంది, పంపించి పోతాను."

ఫోన్ పెట్టేసి చెమట తుడుచుకున్నారు. అయినా, "చదువమ్మా," అన్నారు.

ఆయన పంపుతానన్న వార్త ఏమిటంటే, పదో తరగతి పరీక్షలు రాయబోతున్న నల్లబండపాలెం ఆడపిల్లలు బస్సు కోసం ఎదురుచూస్తున్నారని. ఆ ఊరి గురించి రాసిన కాగితాలన్నీ తీసుకుని ఆయనే మాచర్ల బస్సు డిపోకు వెళ్లారు. ఏం మాట్లాడారో చెప్పలేదు. ఆ వారంలోనే కోటమ్మ మళ్లీ వచ్చింది.

"బస్సొచ్చిందయ్యా! కండక్టరు ఏమన్నాడో తెలుసా? 'టీకాల ఊరు, దిగేవోళ్లు దిగండి' అన్నాడు. మా నాగమణి మూట దించుకుంది."

చెంగులోంచి పండుమిరపకాయలు తీసి నా టైపు మిషను పక్కన పోసింది.

అప్పటినుంచి పోలీసు నోట్లు కూడా పైకి చదివించేవారు. "అడవిలో ఏం జరిగిందో నాకు తెలియదమ్మా. చనిపోయిన ఆ ఇద్దరెవరో ఈరోజుకీ తెలియదు. తెలియనిచోట బరువైన మాట వెయ్యొద్దు. పోలీసులు చెప్పారని రాద్దాం, అంతే," అనేవారు. కొన్ని నోట్లు పై నుంచి అక్షరం మార్చకూడదన్న ఆజ్ఞతోనే వచ్చేవి. వాటిని ఆపలేకపోయేవారు. అలాంటివి వచ్చిన రోజు మధ్యాహ్నం క్యారియరు విప్పేవారు కాదు.

నిరుడు ఆయనకు బదిలీ అయింది. వెళ్తూ ఎర్రమందు కుంచె నా బల్ల మీద పెట్టి వెళ్లారు. కొత్తగా వచ్చిన అధికారి మంచివారే, కాస్త తొందర మనిషి. మొన్న శుక్రవారం ఇంకో ఊరి గురించి వచ్చిన పోలీసు నోట్ స్టెన్సిల్ మీద నేను కుంచె పెట్టడం చూసి అడిగారు.

"ఏం చెరిపేస్తున్నావమ్మా?"

"ఊరి పేరు ముందున్న మాటండి."

"ఎందుకు?"

కుంచె సీసాలో పెట్టాను. పైకే చెప్పాను.

"ఆ ఊరికీ బస్సు పోతుందండి."

ఆయన నన్నొకసారి, కాగితాన్నొకసారి చూశారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఏదీ, మొత్తం చదువు," అన్నారు.

గట్టిగా చదివాను.