పిల్ల ఎత్తుకున్న శ్రుతి

ఒక చిన్న అబద్ధం ఆడాను. దాన్ని ఇన్నేళ్లూ మోసి అలసిపోయాను. పెద్ద అబద్ధమైతే ఈపాటికి ఎక్కడో బయటపడేది, తిట్టాల్సినవాళ్లు తిట్టేసి ఉండేవాళ్లు. ఇది ఎవరికీ దొరకలేదు. ఇక దొరకదు కూడా. అందుకే మీకు చెప్తున్నాను. నా పేరు మీకు అక్కర్లేదు. ఇందులో వచ్చే మరో మనిషి పేరు నేనే మార్చాను.

ముందు నా సంగతి చెప్పాలి. నేను ఏదీ మర్చిపోను. గొప్పకు చెప్పడం లేదు, అదొక రోగం. ఎవరు నన్ను ఏ మాట అన్నారో, అప్పుడు పక్కన ఎవరు నవ్వారో, నవ్వాక ఎవరు తల తిప్పుకున్నారో, అన్నీ నాలో అలాగే ఉంటాయి. హాస్టల్లో చారు నీళ్లలా ఉందని వార్డెన్‌కి రాసింది నేనే. జవాబు రాకపోతే మళ్లీ రాసిందీ నేనే. నన్ను చూస్తే కొందరు పక్క దారిన వెళ్లేవాళ్లు. కానీ నా జ్ఞాపకం మీద మాత్రం అందరికీ నమ్మకం. ఫలానా రోజు ఏమనుకున్నామని అనుమానం వస్తే, నన్ను తిట్టుకునేవాళ్లు కూడా నన్నే అడిగేవాళ్లు.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. కొండాపూర్ దగ్గర, ఐటీ కంపెనీల మధ్య ఇరుక్కున్న ఒక చిన్న సంస్థలో పిల్లల చదువుల మీద పరిశోధన చేస్తున్నాను. మాది కృష్ణా జిల్లా. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకున్నదాన్ని. నా తర్వాత కొన్నాళ్లకు రజిత చేరింది. వాళ్లది జనగామ దగ్గర పల్లె. ఇద్దరికీ గైడు ఒక్కరే. నన్ను అక్కా అని పిలిచేది. తన డబ్బాలోంచి నాకు పెట్టకుండా తినేది కాదు.

ఖాజాగూడ దగ్గర ఒక టవర్ కడుతున్నచోట, కూలీల రేకుల షెడ్ల మధ్య, ఒక స్వచ్ఛంద సంస్థ బడి నడిపేది. ఆ బడిలో రోజూ ఒక పాటల గంట ఉండేది. స్వరాలంటే తెలియని పిల్లలు ఒకరి నోటి నుంచి ఒకరు విని పాటను ఎంత సరిగ్గా పట్టుకుంటారన్నది రజిత పరిశోధన. ఒక్కొక్క పిల్లను కూర్చోబెట్టి పాడించి రికార్డు చేసింది. ఆ పాటలను ఇద్దరు విడివిడిగా విని మార్కులు వేయాలి, ఒకరి మార్కులు ఒకరు చూడకూడదు. ఇద్దరి మార్కులూ దగ్గరగా వస్తేనే లెక్క నిలుస్తుంది, లేకపోతే మొత్తం చెత్తబుట్టకే. ఒక చెవి రజితది. రెండో చెవి నాది. తనే అడిగింది, నాకంటే బాగా వినేవాళ్లు ఎవరూ లేరని.

దానికి కొంచెం ముందు ఒక సంగతి జరిగింది. మా సంస్థ దగ్గరి రోడ్డు మీద వంటావార్పు. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తిని నిరసన తెలపడం. హాస్టల్‌కి నడిచి వెళ్తుంటే రజిత చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. అందరూ పాడుతున్నారు. నన్నూ పాడమన్నారు. నాకు వచ్చింది కీర్తనే, అదే పాడాను. అయ్యాక ఒకరిద్దరు పొయ్యిల వైపు తిరిగారు. అప్పుడు రజిత అంది, "మా అక్క పాడితే పరీక్ష రాసినట్టుంటది. ఒక్క తప్పు పోదు, ఒక్కలు నవ్వరు." అందరూ నవ్వారు. నా భుజం మీద చెయ్యి వేసి తనూ నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ నవ్వును వెంట హాస్టల్‌కి తెచ్చుకున్నాను. నేను ఆంధ్రా దాన్ని కాబట్టే అందని అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా, లేక అలా అనుకుంటే కోపానికి ఒక హోదా వస్తుందని అనుకున్నానా? ఆ రోజుల్లో అందరూ అందరి మాటల్లోనూ యాస వెతికేవాళ్లు. నెపం ఉద్యమం మీదకు నెట్టడం సులువు. కానీ రజిత ఎవరినైనా అలాగే అనేది. వాళ్ల నాన్నను కూడా.

మార్కులు ఎలా వేయాలో గైడు గదిలో కూర్చుని నిర్ణయించుకోవాలి. ఆ రోజు బంద్. గేటుకు తాళం. సార్ ఊరికి ఆ చివర నుంచి రాలేకపోయారు. రజితా నేనూ ఖాజాగూడ చెరువు దగ్గర బండరాళ్ల మీద కూర్చుని, ఒకే ఇయర్‌ఫోన్‌ను చెరో చెవిలో పెట్టుకుని, నమూనాకు కొన్ని పాటలు విన్నాం. ఒక పిల్ల పాటను బాగా కింది స్థాయిలో ఎత్తుకుంది. కానీ చివరిదాకా ఎక్కడా జారలేదు. దీన్ని ఒకే స్థాయిలో మోగే శ్రుతిపెట్టె పక్కన పెట్టి వింటే అపశ్రుతే. అలా వినాలా, వద్దా? చాలాసేపు వాదించుకున్నాం. చివరికి, "పిల్ల ఎక్కడ ఎత్తుకుంటే అదే ఆ పిల్ల శ్రుతి" అని తేల్చింది నేను. ఆ వాక్యం నాది. రజితకు ఎంత నచ్చిందంటే రెండుసార్లు పైకి చెప్పుకుంది. మార్కుల కాగితం మీద మాత్రం శ్రుతి అనే మాటా, దాని ఎదురుగా గళ్లూ ఉన్నాయి. నియమం తర్వాత రాస్తానంది. రాయలేదు. అక్కకు గుర్తుంటుంది కదా అనుకుని ఉంటుంది.

మరో బంద్ రోజు మధ్యాహ్నం హాస్టల్ గదిలో వినడం మొదలుపెట్టాను. మొదట నిజాయితీగానే వేశాను. ఒక రికార్డులో పాట అయిపోగానే వెనక నుంచి రజిత నవ్వు వినిపించింది. పిల్ల బాగా పాడిందని ముచ్చటపడి నవ్వింది, అంతే. నాకు రోడ్డు మీది నవ్వు వినిపించింది. లేచి, ట్రంకులోంచి శ్రుతిపెట్టె తీశాను. మొదటి నుంచి మళ్లీ విన్నాను. ఈసారి ప్రతి పిల్లనూ ఆ పెట్టె పక్కన నిలబెట్టి కొలిచాను. దాదాపు అందరూ తప్పారు. మార్కులు కొట్టేస్తూ పోయాను. నేను అబద్ధపు మార్కులు వేయడం లేదు కదా అని మధ్యమధ్యలో నాకు నేనే చెప్పుకున్నాను. పెట్టె ప్రకారం అవి నిజమైన మార్కులే. ఎంత హాయిగా అనిపించిందో కూడా చెప్పాలి. చాలా హాయిగా అనిపించింది.

ఇద్దరి మార్కులకూ ఎక్కడా పొంతన కుదరలేదు. సార్ రజితను పిలిచారు. లోపలికి వెళ్లేముందు తను వరండాలో నా దగ్గరకు వచ్చింది.

"అక్కా, నువ్వు శ్రుతిపెట్టె పెట్టుకొని విన్నవా?"

"శ్రుతి అని రాసి ఉంది. శ్రుతే చూశాను."

"గట్ల కాదు గదా అక్కా. చెరువు కాడ కూసొని అనుకున్నం. పిల్ల ఎక్కడ ఎత్తుకుంటే అదే లెక్క అని. సార్‌కు ఆ ఒక్క మాట చెప్పు. అట్ల అనుకున్నమని చెప్తే, నీతోని మళ్లా విననిస్తడు."

"నాకు అలా గుర్తు లేదు రజితా."

తను నా ముఖం చూసింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. దేన్నో వెతుక్కుంటున్నట్టు చూసింది.

"నీకే యాది లేదంటే అనుకోలేదేమో," అంది. "నేనే మనసుల అనుకొని, నీతోని అన్న అనుకుంటున్ననేమో. పరేషాన్ల ఏం తెలుస్తలేదు. ఏమనుకోకు అక్కా."

నా జ్ఞాపకం మీద ఉన్న నమ్మకంతో తన జ్ఞాపకాన్ని వదులుకుంది. మార్కులు కొట్టేయడం ఒక పాపం. అది కోపంలో చేశాను. కానీ ఒక మనిషి తను విన్నదాన్ని తనే అనుమానించేలా చేయడం? అప్పుడు నాకు కోపం కూడా లేదు. ఎదురుగా నిలబడి చూస్తూ ఊరుకున్నాను.

రాసిపెట్టని నియమం చెల్లదన్నారు సార్. ఫలితం చూశాక పాత పాటలకు నియమం రాయకూడదని, ముందే నియమం రాసుకుని కొత్తగా రికార్డు చేసుకొమ్మన్నారు. అప్పటికి టవర్ పూర్తయింది. రేకుల షెడ్లు పీకేశారు. పిల్లలు తల్లిదండ్రులతో పాటు తలో సైటుకూ వెళ్లిపోయారు. రజిత కొన్నాళ్లు సైట్ల వెంట తిరిగింది. మేస్త్రీలను అడిగింది. ఫెలోషిప్ అయిపోయింది. పాటల గంట ఉంచాలా వద్దా అని ఈ ఫలితం కోసమే ఎదురుచూసిన ఆ స్వచ్ఛంద సంస్థ, మిగతా బడుల్లో కూడా దాన్ని ఎత్తేసింది. రజిత థీసిస్ ఇవ్వకుండానే వెళ్లిపోయి, మాదాపూర్‌లో కంప్యూటర్ పాఠాలు తయారుచేసే కంపెనీలో చేరింది. సార్ నాతో, చెవి అంటే నీదమ్మా అన్నారు. అన్నాళ్లూ నేను కోరుకున్న మాట అదే. దాన్నీ మర్చిపోలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు రజిత మిఠాయి డబ్బాతో హాస్టల్‌కి వచ్చింది. నా నోట్లో ఒకటి పెట్టింది. తన చోట నేనుంటే ఏం చేసేదాన్నో నాకు తెలుసు. ఎన్ని కాగితాలు రాసేదాన్ని, ఎంతమంది తలుపులు తట్టేదాన్ని. తను ఎవరికీ ఏమీ రాయలేదు. తప్పు తనదేనని నమ్మింది కాబట్టి.

ఇప్పుడు నేను ఒక కాలేజీలో టీచర్లు కాబోయేవాళ్లకు పాఠాలు చెప్తున్నాను. ఇద్దరు విని మార్కులు వేసే పద్ధతి కూడా చెప్పాల్సి వస్తుంది. నియమాన్ని ముందే కాగితం మీద పెట్టుకోండి అంటాను. వాళ్లు రాసుకుంటారు. నేను నీళ్లు తాగి తర్వాతి మాటకు వెళ్తాను.

ఇంకొకటి ఒప్పుకోవాలి. రోడ్డు మీద తను అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఇంత రాసినా అది మెత్తబడలేదు. నేను మారానని చెప్పడానికి ఇది రాయలేదు. క్షమించమని అడగడానికి నాకు ముఖం లేదు, క్షమిస్తే తీసుకునే చోటు నాలో ఉందో లేదో కూడా తెలియదు. తనకే ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అని మీరు అడుగుతారు. నంబరు ఉంది. చేయలేదు. చేస్తానని మాట కూడా ఇవ్వలేను. రేపు నా మాట నేనే తప్పితే, ఆ లెక్క కూడా నాలో ఉండిపోతుంది.

కానీ ఒక్కసారైనా ఈ మాట నా బయట ఉండాలి. రజితా, నువ్వు మనసులో అనుకోలేదు. చెరువు దగ్గర బండ మీద కూర్చుని మనం అనుకున్నాం. ఆ వాక్యం అన్నది నేనే. వరండాలో నువ్వు అడిగినప్పుడు కూడా నాకు గుర్తుంది.