సుద్దముక్క దంతం

తార్నాక ఫుట్‌పాత్ మీద అమ్మకానికి పెట్టిన మట్టి వినాయకుల పచ్చివాసన తగిలితే, నా వేళ్లు ఇప్పటికీ సుద్దముక్క కోసం వెతుకుతాయి.

నా చిన్నప్పుడు మేము యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. చవితినాడు విగ్రహం ముందు కూర్చుని నానమ్మ, "ఏ లోపం లేనోడే దేవుడు" అంది. క్యాంపస్‌లో పాఠాలు చెప్పే నాన్నకు దేవుడి మీద నమ్మకం లేదు. "మరి ఒక దంతం ఇరిగి ఉన్నదేందమ్మా?" అని నవ్వాడు. నానమ్మ గంట అందుకుని పూజలో పడింది. ఓడిపోయిందనుకున్నాను. నాకు ఒళ్లు మండింది. ఆమెను ఓడనివ్వకూడదనుకున్నాను.

నాన్న సంచిలోంచి సుద్దముక్క తీసి, గచ్చు మీద అరగదీసి మొన తేల్చాను. విరిగిన దంతానికి తడిమట్టితో అతికిస్తే మూడుసార్లు ఊడింది. నాలుగోసారి నిలిచింది.

అది చూసి నానమ్మ నోటిమీద చెయ్యేసుకుంది. "అయ్యో బిడ్డా, భారతం రాసేటందుకు గా దంతం ఆయనే ఇరగ్గొట్టుకున్నడు!"

సిగ్గుతో పీకేయబోయాను. నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనియ్యి."

వాళ్ల వాదన ఎన్నడూ తేలలేదు. కానీ నిమజ్జనం రోజు ఆటోలో విగ్రహాన్ని ఒళ్లో పెట్టుకున్నది నాన్నే. గుంతల్లో ఆ సుద్దముక్క ఊడిపోకుండా, చెరువుదాకా వేలు అడ్డం పెట్టుకునే కూర్చున్నాడు.