పోయొస్తానన్న జవాబు

ఆ ఉదయం నగరిలో మా ఇంట్లో దీపం పెట్టి, పొంగలికి మిరియాలు దంచుతున్నాను. పక్కింటి మరమగ్గాలు అప్పుడే మొదలయ్యాయి. మా ఇంటికి రావడానికి తిరుపతిలో మా చిన్న తమ్ముడు బస్సెక్కాడు. ఫోన్ మోగింది, వాడి పేరే. మాట్లాడింది మాత్రం కండక్టరు. కిటికీ పక్కన నిద్రపోయినవాడు మళ్లీ లేవలేదట.

వాడు తిరుపతిలో ఒక ఆఫీసులో రికార్డుల అధికారి. ఏది ఎన్నేళ్లు దాచాలో, ఏది తీసేయాలో చెప్పడం వాడి పని. మీలో ఆఫీసుల్లో పనిచేసినవారికి తెలిసే ఉంటుంది, ఈమెయిళ్లు వచ్చాక ఈ పని ఎవరిదన్నది ఎప్పుడూ తగాదానే. చోటు చాలదని కంప్యూటర్ సెక్షన్‌వాళ్లు పాతవి తీసేయబోతే, "పెట్టె నీదే అబ్బా, లోపలుండేది నాది. నన్నడక్కుండా తీసినావంటే నీ టిఫిన్ క్యారియర్ నేను తీసేస్తా" అనేవాడు. చివరికి వాడి మాటే నియమమైంది. రికార్డుల అధికారి ఒప్పుకోనిదే ఏ మెయిలూ తీయకూడదు.

ఇంట్లోనూ అంతే. నేను పాత పంచాంగం పారేయబోతే, "ఎవుర్నడిగి పారేస్తాండావక్కా?" అని నవ్వేవాడు. గడప దాటేటప్పుడు "పోతా" అని ఒక్కనాడూ అనలేదు. మనలో ఎవరూ అనరు కదా.

కర్మ అయిన మర్నాడు కంప్యూటర్ సెక్షన్ పెద్దాయన తిరుపతిలో వాడి ఇంటికి వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"తీసేదానికి రికార్డులోళ్లు చెప్పల్ల గదమ్మా. ఆ సీట్లో ఇంకా ఎవుర్నీ ఎయ్యలా. రూలు ప్రకారం సారు మెయిలుకే రాసినా, సారు మెయిలు తీసెయ్యొచ్చునా అని. జవాబొచ్చింది."

ఫోన్ చూపించాడు. "అక్కోళ్లూరికి పోయొస్తా. నేనొచ్చేదాకా దేన్నీ తీయొద్దు."

సెలవు పెట్టిన రోజు వాడు పెట్టి వెళ్లిన జవాబు అది. ఎవరు రాసినా దానంతట అదే వెళుతుంది. తిరిగొచ్చే తేదీ పెట్టలేదు.

"మిసనే పంపిందని తెలుసమ్మా," అన్నాడాయన. "అయినా నా చెయ్యి రాలేదు."

వాడి భార్య, మా మరదలు, నెమ్మదిగా అంది. "నేను దినామూ రాస్తాండా వదినా. తిన్నావా అని అడగతా. ఇదే చెప్తాడు."

ఆమె పూటపూటా రెండు కంచాలు ఎందుకు పెడుతోందో, ముద్ద ముట్టకుండా ఎవరికోసం కూర్చుంటోందో నాకప్పుడు అర్థమైంది. పోయాక కూడా వాడి మాటను కాదనలేని మనుషులున్నందుకు మనసులో దేవుడికి దండం పెట్టుకున్నాను. కానీ ఈ పిల్ల తినాలి.

ఆ సాయంత్రం పెద్ద తమ్ముడూ మరదలూ నేనూ కూర్చుని నిర్ణయించాం. మెయిళ్లన్నీ రికార్డు గదికి చేరాలి, ఒక్కటీ తీయకూడదు. జవాబు మాత్రం ఆపించాలి. మరదలు ఒకటే అడిగింది. "ఆపేసినాక ఇంకొక్కసారి రాస్తా."

ఆపేశానని పెద్దాయన ఫోన్ చేసి చెప్పాడు. ఆమె రాసి, పంపి, ఫోన్‌ను చాప మీద పెట్టింది. ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి తెర నల్లబడి, అందులో మా ముఖాలు కనిపించాయి. ఎవరమూ ముందుగా లేవలేదు.