దేవేంద్రప్ప ఫోన్ శుభ్రమైన రోజు

ఎమ్మిగనూరులో దేవేంద్రప్ప నేసిన దుప్పటికి వంక పెట్టినవాళ్లు లేరు. అలాంటి మనిషికి ఈమధ్య ఒక కొత్త అలవాటు పట్టుకుంది. మగ్గం గుంటలోంచి కాళ్లు పైకి తీసే ముందు జేబులోని ఫోన్ తీసి, సగం నేసిన బట్టకు ఒక ఫోటో తీస్తాడు. పక్కనున్న ఎర్రదారం కండెకు ఇంకొకటి. అప్పుడు గానీ టీకి లేవడు.

సరదాకు చేస్తున్న పని కాదది. టీ తాగి వచ్చేసరికి ఎర్రచార నేసిందీ లేనిదీ ఆయనకు గుర్తుండటం లేదు. భార్య ఉచ్చీరమ్మ ఎదురుగానే కూర్చుని కండెలు చుడుతుంటుంది. ఆమె తల వంచుకున్నప్పుడు చూసి ఫోటో నొక్కుతాడు, ఆమెకు కూడా ఈ సంగతి పొక్కనివ్వలేదు.

పోయిన శ్రావణంలో ఉరుకుంద ఈరన్న జాతర నుంచి తిరిగొస్తూ, పుట్టి పెరిగిన వీధి మొదట్లో బిక్కముఖం వేసుకుని నిలబడిపోయాడు. ఇల్లు కుడివైపా, ఎడమవైపా? ఎంత గింజుకున్నా తోచలేదు. ఇంతలో పక్కింటివాళ్లు పలకరిస్తే, ఏమీ ఎరగనట్టు కబుర్లు చెబుతూ వాళ్ల వెనకే నడిచి ఇల్లు చేరాడు.

మర్నాటి నుంచే ఫోటోలు మొదలయ్యాయి. బస్టాండు గేటు, టిఫినుకు ఉగ్గాని అమ్మే బండి, మందుల అంగడి, సందు మలుపులో నీలం గోడ, తమ తలుపు. వేసుకున్న మాత్ర, ఆపేసిన గ్యాసు పొయ్యి, పెట్టిన తాళం. మనసు తడబడినప్పుడల్లా ఫోటోలు వెనక్కి జరుపుకుంటూ పోతే, పొద్దున్నుంచి చేసిందంతా వరసగా దొరికేది. తన ఉపాయానికి తనే మురిసిపోయి ఒక్కోసారి మీసం కూడా దువ్వుకునేవాడు. పాపం, మురిసిపోవడానికి ఆయన దగ్గర ఇంకేం మిగిలింది గనుక!

ఇంత దాపరికం ఎందుకంటే, అన్న బసప్ప గతి ఆయన కళ్లారా చూశాడు. బసప్పకూ ఇలాగే మొదలైంది. చారలు తప్పుతున్నాడని ముందు మగ్గం దింపించారు. ఒకసారి ఊరి బయట దొరికాడని ఈ ఇంట్లోనే వెనక గదిలో మంచం వేశారు. ఆ తర్వాత ఆ గదికి బయటివైపు గొళ్లెం పెట్టారు. అందరూ అతని మంచికే చేశారు, ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. లోపలి నుంచి తలుపు కొట్టే చప్పుడు మాత్రం మగ్గం చప్పుడులో కలిసి వినబడేది. బసప్ప పోయాడు. గొళ్లెం ఉంది. తుప్పు పట్టకూడదని ఉచ్చీరమ్మ దానికి అప్పుడప్పుడూ నూనె పెడుతూనే ఉంది.

ఒకరోజు మగ్గం దిగబోతూ ఫోటో నొక్కితే ఫోన్ ఒప్పుకోలేదు. లోపల జాగా లేదంది. మళ్లీ నొక్కాడు. అదే మాట. ఇక గుంటలోంచి కాళ్లు తీయడానికి ధైర్యం చాలలేదు.

"ఏమయ్యా, టీ సల్లారిపోతాంది. కాళ్లు గాని పట్టుకున్నాయా?" అంది ఉచ్చీరమ్మ.

"ఊ, పట్టుకున్నాయి" అన్నాడు దేవేంద్రప్ప. టీ గ్లాసు గుంట దగ్గరికే తెప్పించుకున్నాడు.

మరుసటి రోజే ఆదోనిలో ఉన్న కూతురింటికి బయలుదేరాడు. త్రివేణి అక్కడ ఒక పత్తి వ్యాపారి ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. చిన్నప్పటి నుంచీ ఆమెకు శుభ్రం పిచ్చి. ఆఫీసు కంప్యూటర్‌లో అక్కరలేని ఫైలు కనిపిస్తే ఆమెకు అన్నం సహించదని మొగుడే వేళాకోళం చేస్తాడు.

తండ్రి ఫోన్ తెరిచి త్రివేణి ముక్కున వేలేసుకుంది.

"ఏంది నాయనా ఇది, సంత మాదిరి! ఏముంచల్ల, ఏం తీసెయ్యల్ల?"

చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. అమ్మా, నా బుర్ర చెడిపోతాంది, అందులో ఉండేదే నా బుర్ర, ముట్టుకోవద్దు అని. కానీ ఈ మాట త్రివేణికి తెలిస్తే ఉచ్చీరమ్మకు తెలుస్తుంది. ఉచ్చీరమ్మకు తెలిస్తే వెనక గది దుమ్ము దులుపుతారు.

"పనికిరానివి తీసెయ్. నీకు తెలీనిదేముందమ్మా" అన్నాడు.

జొన్నరొట్టె, పుంటికూర పప్పు తిని, కునుకు తీసి లేచేసరికి పని అయిపోయింది. త్రివేణి మొహం వెలిగిపోతోంది.

"సూడు నాయనా, అద్దం మాదిరి సేసినా! పెండ్లి ఫోటోలు, పండగ ఫోటోలు వేరేవేరేగా సర్దినా. కొత్తవి ఎన్నైనా తీసుకోవచ్చు. అయినా నువ్వు మగ్గం మీద బట్టను అన్ని ఫోటోలు తీస్తివేంది? సగం నేసిన బట్టకు ఫోటో తీస్తే దిష్టి తగుల్తాదని అమ్మ మొత్తుకునేది మర్సిపోయినావా? ఒక్కటి లేకుండా తీసేసినా. గోడలు, తలుపులు, పొయ్యి గూడా. వేలు తగిలి పడింటాయి అవన్నీ."

మగ్గమున్న ఇంట్లో పుట్టిన పిల్ల. దిష్టికి భయపడి, మగ్గం మేలు కోరే ఆ పని చేసింది. ఆమెను ఏమని తప్పుపట్టాలి?

"మళ్లీ... కావల్లంటే వస్తాయా?" అన్నాడు.

"ఇంక రావు. సెత్తబుట్ట గూడా ఖాళీ సేసినా కదా!"

"మంచిపని సేసినావమ్మా" అన్నాడు దేవేంద్రప్ప.

ఆమే బస్సెక్కించి, కిటికీ దగ్గర సీటు చూపించి వెళ్లింది. బస్సు కదిలాక ఆయన కళ్లు మూసుకుని దారి వల్లె వేసుకున్నాడు. బస్టాండు గేటు. ఉగ్గాని బండి. మందుల అంగడి. నీలం గోడ. తలుపు. మళ్లీ మొదటి నుంచి. ఎవరో టికెట్ అడిగారు, ఇచ్చాడు. పక్కసీటు ఆయన ఈసారి పత్తి ఎట్లుందని అడిగాడు, జవాబిచ్చాడు. మళ్లీ వల్లె వేద్దామంటే గేటు తర్వాత ఏముందో రాలేదు. లోపల ఎక్కడో పడుగు దారాలు ఒక్కొక్కటే తెగిపోతున్నట్టుంది. భయం వేసింది. పెద్దమనిషి, మీసాలున్నవాడు, కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు.

ఎమ్మిగనూరు బస్టాండులో అందరితోపాటు దిగాడు. గేటు దాటాడు. రోడ్డు అటూ ఉంది, ఇటూ ఉంది. జనం అటూ పోతున్నారు, ఇటూ పోతున్నారు.

"యాడికి పోవల్లప్పా?" అని ఆటో అతను అడిగాడు.

ఏం చెప్పాలి? తిరిగి లోపలికొచ్చి సిమెంటు బల్ల మీద కూలబడ్డాడు. ఫోన్‌లో త్రివేణి బొమ్మ మీద నొక్కాడు.

"ఇల్లు సేరినావా నాయనా?"

"అమ్మా, మనిల్లు యాడ?"

త్రివేణి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"నాయనా... ఆ గోడలు, తలుపులు... అందుకేనా?"

"అమ్మకు సెప్పద్దు తల్లీ. నీకు దండం పెడతా."

"సెప్పకుంటే ఎట్ల నాయనా? సెప్పల్ల కదా!" ఆమె ఏడుస్తోంది. "ఆడనే కూర్చో. యాడికీ పోవద్దు. ఇప్పుడే బయల్దేరి వస్తాండా."

ఫోన్ పెట్టేసింది. ఇది కూడా జారిపోతుందేమోనని ఆయన గబగబా తాను కూర్చున్న బల్లకు ఫోటో తీశాడు. ఈసారి ఫోన్ మారుమాట లేకుండా ఒప్పుకుంది. లోపల కావలసినంత జాగా ఉంది మరి.

బస్సులు వచ్చాయి, పోయాయి. ఎండ వాలింది. దేవేంద్రప్ప ఫోన్ తీసి చూసుకున్నాడు. సిమెంటు బల్ల, కింద తన చెప్పులు. ఇక్కడే కూర్చోవాలన్నమాట. ఎందుకో మాత్రం అందులో లేదు.

అలవాటు ప్రకారం వెనక్కి జరిపాడు. త్రివేణి పెళ్లి ఫోటో వచ్చింది, పట్టుచీరలో, పూలజడతో. వెనక ఫోటో అంటే ఇంతకుముందే జరిగింది. అయితే పెళ్లి ఇప్పుడే అయిందన్నమాట. పిల్లను అత్తగారింటికి పంపడానికి బస్సు కోసం వచ్చినట్టున్నాం.

ఆయనకు ప్రాణం కుదుటపడింది. కండువా సర్దుకుని, పెళ్లివారంతా ఎటు పోయారా అని చుట్టూ చూశాడు.