పెద్దనాయన కడుపులో గుడ్డ గొట్టం

మా పెద్దనాయనకు బొడ్డు దగ్గర దడదడ మొదలైనప్పుడు ఇంట్లో ఎవరూ భయపడలేదు.

"బొడ్డు జారిండాది," అని పెద్దనాయన తల్లి, మా జేజి తేల్చేసింది.

పావగడ పక్క మా పల్లెలో కడుపులో ఏది కదిలినా బొడ్డు జారినట్టే. ఆముదం రాసి, బొడ్డు మీద దీపం పెట్టి, దాని మీద చెంబు బోర్లించారు. చెంబు ఎగిరెగిరి పడింది.

"గుండెకు పైన ఇరుకైందేమో పెద్దనాయనా, ఈడికి దిగి కాపురం పెట్టిండాది," అన్నాను. ఆయన బీడీ తీయకుండానే నవ్వాడు.

ఆ ఏడు కూడా శెనక్కాయ చెట్లు ఊడలు దిగకముందే ఎండిపోయాయి. పెద్దనాయనకు నడుంనొప్పి పట్టుకుంది. "చేన్లో పీకేదానికి కాయే లేదు, నడుం నొప్పేంది?" అని పెద్దమ్మ దెప్పింది. నొప్పి ఎక్కువయ్యాక బెంగళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం.

డాక్టరు కడుపు మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. "ఎవరూ నొక్కొద్దు," అన్నాడు. మేం చెంబు సంగతి ఎత్తలేదు. గుండె నుంచి కిందికి నెత్తురు తెచ్చే పెద్ద నాళం ఉబ్బి టెంకాయంత అయిందట. అది పగిలితే ఆసుపత్రి మెట్ల మీద ఉన్నా మనిషి దక్కడట. కడుపు కోసి, ఉబ్బిన చోట గుడ్డతో నేసిన గొట్టం కుట్టాలి. ఇంత పెద్దదైతే బల్ల మీదే పోవచ్చు. బతికినా మూత్రపిండాలు ఆగిపోవచ్చు.

"గుడ్డా?" అన్నాడు పెద్దనాయన. "ఉతికితే రంగు పోతాదేమో అడగప్పా."

"ఉతికేదానికి నీళ్ళు యాడుండాయి?" అన్నాను.

ఆయన తన కడుపుకేసి చూసుకున్నాడు. "చెయ్యమను. పగిలేదాకా కాసుకోని కూచునేది నా చేత కాదు."

పొద్దున లోపలికి తీసుకుపోతే, పొద్దు వాలేవేళకు డాక్టరు బయటికి వచ్చాడు. ఉబ్బు మూత్రపిండాల నాళాల పైదాకా పాకిందట. అందుకని నెత్తురును ఆ పైనే చాలాసేపు ఆపాల్సి వచ్చిందట. గొట్టం బాగానే కుట్టారు. కాళ్ళు వెచ్చగా ఉన్నాయి. మూత్రపిండాలు మళ్ళీ పనిచేస్తున్నట్టు ఇక ఉచ్చ రావాలి, అంతే.

మంచానికి వేలాడే సంచికేసి చూస్తూ కూచున్నాం. ఏళ్ళతరబడి వాన కోసం మబ్బుకేసి చూసిన తాలూకా మాది కాబట్టి మాకు అది కొత్త పనేం కాదు. సంచి గొట్టంలో తడి మెరిస్తే పెద్దమ్మ నన్ను గిల్లింది.

"వచ్చిండాది చూడప్పా!"

నర్సమ్మ వంగి చూసి, అవి పాత చుక్కలేనంది.

మర్నాటికి పెద్దనాయన ముఖం ఉబ్బింది. మిషన్ మీద నెత్తురు కడిగితే ఆయన గుండె తట్టుకోదన్నారు. ఆయన కళ్ళు తెరిచాడు.

"ఏందిరా, అందరూ సంచి తట్టే చూస్తారు, నా తట్టు చూడరు?"

నేను సంచి మీద నుంచి చూపు తిప్పుకున్నాను. పెద్దమ్మ లేచి సంచి మీద తువ్వాలు కప్పి, ఆయన తల దగ్గరికి జరిగి కూచుంది.