శేషమ్మ పెరటికి గచ్చకంచె

గొర్రెలు అమ్మేసిన మర్నాడు పొద్దున్నే యల్లయ్య అలవాటుగా లేచి, గొంగడి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఎక్కడికి పోవాలో తెలియలేదు. కాసేపు అలాగే నిలబడి, మళ్ళీ లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఆ కూర్చోవడం ఆరునెలలు కూర్చున్నాడు మహానుభావుడు.

నలభై ఏళ్ళు మంద వెనక నడిచిన మనిషి. మార్కాపురం రోడ్డు మీద మందను దాటిస్తుంటే ఎవడో మోటారుసైకిలు వాడు గుద్దేశాడు. ప్రాణం దక్కింది గానీ మోకాలు మాత్రం మంద వెనక నడిచేందుకు పనికిరాకుండా పోయింది. చివరికి మిగిలింది హనుమంతునిపాడు శివారు కాలనీలో రెండు గదుల ఇల్లు, దాని వెనక కాస్త పెరడు. ఆ ఇంట్లో యల్లయ్యకు ఊపిరాడలేదు. ఆ పెరడు చూశాక ఆయన భార్య శేషమ్మకు మాత్రం యాభై అయిదేళ్ళ వయసులో కడుపు నిండినట్టయింది.

నిండదూ మరి! పెళ్ళయిన నాటినుంచీ ఆమెకు సొంత పెరడన్నదే లేదు. ఎవరి చేలో మంద నిలిపితే ఆ గట్టు మీదే పొయ్యి. గిద్దలూరు అడవంచున నాలుగు నెలలు, పామూరు వైపు రెండు నెలలు. కూరలోకి రెబ్బ కరివేపాకు కావాలన్నా ఎవరిదో కంచె దగ్గర నిలబడి "అమ్మా" అని పిలవాలి. ఇచ్చినవాళ్ళు ఇచ్చారు, కసిరినవాళ్ళు కసిరారు. ఒకసారి, కూతురు ఉమ ఎనిమిది నెలల పిల్లగా ఉన్నప్పుడు, దగ్గి దగ్గి పాలు కూడా పట్టకుండా పోయింది. దారిలో ఒక ఇంటి కంచె అవతల వామాకు గుబురుగా కనిపించింది. "నాలుగాకులియ్యి తల్లీ, బిడ్డకు రసం తీసి పోస్తా" అని అడిగింది శేషమ్మ. "గొర్రెలోళ్ళు కంచె కాడికి రావద్దు. ఇయ్యాల ఆకంటారు, రేపు మందను తోల్తారు" అని ఆ ఇల్లాలు తలుపేసుకుంది. యల్లయ్య అప్పుడు మందలో సగాన్ని తోలుకుని అడవిలో ఉన్నాడు.

పిల్ల ఎలాగో బతికింది. ఇప్పుడు పామూరులో ఇద్దరు బిడ్డల తల్లి. కానీ ఆ కంచె ముందు నిలబడిన పొద్దును శేషమ్మ మరిచిపోలేదు. మొగుడికి చెప్పనూ లేదు. చెబితే కర్ర తీసుకుని పోతాడని అప్పుడు చెప్పలేదు. ఇంక చెప్పి ఏం లాభమని తర్వాత చెప్పలేదు.

అందుకే పెరడు చేతికి రాగానే మొట్టమొదట నాటింది వామాకు. ఆ తర్వాత కరివేపాకు, నిమ్మ, కనకాంబరాలు, ఒక బీరపాదు, ఒక సొరపాదు. నీళ్ళకు కటకటలాడే చోటు కదా, బియ్యం కడిగిన నీళ్ళు, స్నానం నీళ్ళు ఒక్క చుక్క పోనివ్వకుండా బిందెతో మోసి పోసింది. మనసులో ఒక మాట కూడా పెట్టుకుంది: నా కంచె దగ్గరికొచ్చి అడిగినవాళ్ళను ఉత్తచేతులతో పంపేది లేదు.

మొదట వచ్చింది వెనక వీధి లీదియా. రోజూ కూలికి పోయే మనిషి, ఆటో ఆరింటికే కదులుతుంది, ఆలోపల వంట కావాలి. "వదినా, రెండు రెబ్బలు కరేపాకు" అని అడిగింది. ఆమెను చూసి ఇంకో ముగ్గురు, నలుగురు. పెరటి మూలన తెల్లవారగానే ఒక పావుగంట సందడి. శేషమ్మ చెయ్యి హద్దు మీదుగా అటు పోయేది, ఇటు వచ్చేది. ఆ వేళకు యల్లయ్యను ఆమే చాయ్ దుకాణానికి తరిమేది, నలుగురు మనుషుల మొహాలైనా చూస్తాడని. కాబట్టి ఆయనకు ఈ సంగతే తెలియదు.

ఒకరోజు ఏం తోచక పెరట్లోకి వచ్చిన యల్లయ్య వామాకు గుబురు ముందు ఆగిపోయాడు. మోకాలి నొప్పి మరిచి వంగి చూశాడు.

"ఏమే, ఎవరో లోపలికి జొరబడతా ఉండారు."

"ఎవరొస్తారయ్యా, ఏ మేకో తినింటాది."

"మేక సంగతి నువ్వు నాకు చెప్తావా?" యల్లయ్యకు పౌరుషం వచ్చింది. "మేక కొరికితే ఆకు చీలికలవుతాది, తొడిమ నలుగుతాది. ఇది గోటితో గిల్లినారు. చూడు, ఎంత నీటుగా గిల్లినారో!"

ఆ నీటైన గోరు శేషమ్మదే. ఆమె చెయ్యి కొంగు కింద దాచుకుంది.

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ మొగుడి మొహం చూసింది. తోడేలు జాడ కనపడిన రోజు మంద చుట్టూ తిరిగే యల్లయ్య ఆరునెలల తర్వాత మళ్ళీ ఎదురుగా ఉన్నాడు. "ఇన్నేండ్లకు నీదని ఒక పెరడయింది. నేనుండంగా ఒక్కాకు పోనీను శేషీ" అన్నాడు. ఆ మాటకు ఆమె చెప్పబోయింది మింగేసింది. పోనీలే, నాలుగు రోజుల ముచ్చట అనుకుంది. పిచ్చి తల్లి, ఆ ముచ్చట మూడు వానాకాలాలు సాగింది.

మొదట సర్కారు కంప కొట్టుకొచ్చి చుట్టూ వేశాడు. ఆర్నెల్లకే ఎండి చెద పట్టింది. ఎదురింటాయన సీమచింత వెయ్యమన్నాడు. "సీమచింతా? మేకలకు పెండ్లిపత్రిక పంచినట్టే!" అని యల్లయ్య తీసిపారేశాడు. ఆలోచించి ఆలోచించి నాగజెముడు నాటాడు. మేక మూతి పెట్టదు, గొర్రె దగ్గరికి రాదు. వారం రోజులు మీసం మీద చెయ్యేసుకుని తిరిగాడు. లీదియా మాత్రం క్వారీ దగ్గర పడేసిన పలకరాతి చెక్క ఒకటి తెచ్చి మూలన వేసుకుని, దాని మీద నిలబడి చెయ్యి చాపింది. శేషమ్మ జెముడు పైనుంచే ఆకు అందించింది.

ఎందుకంటే యల్లయ్య కంచె ఎత్తును మేక మూతిని బట్టి లెక్కేశాడు! నలభై ఏళ్ళుగా ఆయనకు కంచె అంటే జీవాలను ఆపేదే. మనుషులకు చేతులుంటాయన్నది ఆయన లెక్కలోకే రాలేదు. మళ్ళీ ఆకులు లెక్కపెట్టుకుని, మళ్ళీ గోటి గుర్తులు చూసి, "వీడెవడో గట్టోడే" అని గడ్డం గోక్కున్నాడు. గోక్కుంటూ నవ్వాడు కూడా. పగలంతా ముళ్ళ గురించే మాట్లాడేవాడు, రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. అది చూసి శేషమ్మ లోపల్లోపల సంతోషపడేది, ఆ వెంటనే సిగ్గుపడేది.

చివరికి గిద్దలూరు బస్సెక్కి, అడవంచుకు పోయి, సంచెడు గచ్చకాయలు, ఒక మోపు వాక్కాయ మొక్కలు తెచ్చాడు. ఆ ముళ్ళమోపును చూసి కండక్టరు బస్సు ఎక్కనివ్వనన్నాడట. "నా ఒళ్ళో పెట్టుకుంటాలే నాయనా, గుచ్చుకుంటే నాకే గుచ్చుకుంటాది" అని ఒళ్ళో పెట్టుకుని మార్కాపురం దాకా వచ్చాడు. ఇంటికొచ్చేసరికి పంచె నిండా రక్తపు చుక్కలు, మొహం నిండా నవ్వు. గచ్చగింజ ఊరికే మొలవదు, పెంకు గట్టిది. యల్లయ్య ఒక్కొక్క గింజనూ రాతి మీద అరగదీసి, రాత్రంతా నానబెట్టి, వాక మొక్కల సందుల్లో పూడ్చాడు. వాకముల్లు సూటిగా పొడుస్తుంది. గచ్చముల్లు అలా కాదు, వంకర తిరిగి ఉంటుంది. చెయ్యి లోపలికి పోతుంటే ఊరుకుంటుంది, వెనక్కి లాగితే పట్టుకుంటుంది.

"ఇంక చూస్తా, ఎట్ల వస్తారో!" అన్నాడు యల్లయ్య.

రెండు వానాకాలాలకు గచ్చ నిలువెత్తు అల్లుకుంది. వచ్చే ఆడవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. లీదియా ఒక్కతే మిగిలింది. శేషమ్మ మొగుడి పాత చొక్కా చేతులకు తొడుక్కుని ముళ్ళ మధ్యలోంచి అందించేది. అయినా చర్మం గీరుకుపోయేది.

"అన్నకు చెప్పరాదా వదినా? నీ చేతులు చూస్తే నాకు కూర సయించడంలే" అంది లీదియా ఒకరోజు.

"చెప్తే ఆ కంచె పీకేస్తాడే. పీకేసినాక ఏం చేస్తాడు? మళ్ళీ ఆ మంచం మీద కూచుంటాడు. ఆ కూచున్న మనిషిని నేను చూడలేను లీదియా. గీతలు మాన్తాయిలే."

ఈ ఏడు ఆశ్వయుజంలో ముసురు పట్టిన ఒక తెల్లవారి, లీదియా తల మీద గోనెసంచి కప్పుకుని వచ్చింది. మనవరాలు షారోన్‌కు రాత్రినుంచీ ఒకటే దగ్గు, ఆయాసం. "ఆసుపత్రికి తొలి ఆటోలో తీసుకపోతా. ఈలోపల నాలుగు వామాకులియ్యి వదినా" అంది.

శేషమ్మకు చొక్కా తొడుక్కోవాలన్న ధ్యాసే లేదు. దోసెడు ఆకు కోసి, గుప్పిట పట్టి, చెయ్యి భుజందాకా గచ్చలోకి దూర్చేసింది. లీదియా ఆకు అందుకుని పరుగెత్తింది. ఆ తర్వాత చెయ్యి వెనక్కి రాలేదు. లాగితే గచ్చ పట్టుకుంది. పళ్ళు బిగపట్టి ఒక్క లాగు లాగింది. ముల్లు మోచేతి పైన విరిగి లోపలే ఉండిపోయింది.

మధ్యాహ్నానికి చెయ్యి ఉబ్బింది. అన్నం కలపలేక ఎడమచేత్తో అవస్థ పడుతుంటే యల్లయ్య చూశాడు. మొలతాడుకు వేలాడే ముళ్ళు తీసే చిమటా విప్పుకుని, "ఇట్రా" అని వెలుతుర్లో కూర్చోబెట్టాడు. మంద అమ్మినా ఆ చిమటాను అమ్ముకోలేదు. ఎన్ని వేల గిట్టల్లో ముళ్ళు తీసిన చెయ్యో అది. గచ్చముల్లు నొప్పి తెలియకుండా ఊడి వచ్చింది. కానీ ఆయన చెయ్యి వదల్లేదు. చేతిని తిప్పి తిప్పి చూశాడు. మణికట్టు నుంచి భుజందాకా చుట్టూ గీతలు. కొన్ని పచ్చివి, కొన్ని మానినవి, కొన్ని ఎప్పటివో.

"కంచెలో తల దూర్చే గొర్రెకు మెడ చుట్టూ ఇట్లే ఉంటాది" అన్నాడు మెల్లగా. "ఎన్నాళ్ళ నుంచే?"

శేషమ్మ ఏడ్చేసింది. ఏడుస్తూనే అంతా చెప్పింది. లీదియాను చెప్పింది, నీటైన గోరు ఎవరిదో చెప్పింది, ఆయన మళ్ళీ మంచమెక్కుతాడని తను పడిన భయం చెప్పింది. ఆఖరికి ఇరవై ఎనిమిదేళ్ళనాటి ఆ కంచె, ఆ వామాకు, ఒళ్ళో దగ్గుతున్న ఉమ, మొహాన వేసిన తలుపు కూడా చెప్పింది.

యల్లయ్య చిమటాను పంచెతో తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"ఇన్నేండ్లు నాకు చెప్పకుండా ఎట్ల మోసినావే?" అన్నాడు. చిమటా పక్కన పెట్టి, "నేను నీకు కట్టిచ్చింది ఆ కంచేనా?" అన్నాడు.

"కాదయ్యా, కాదు. నా పెరడని కట్టినావు. ఒళ్ళో ముళ్ళు పెట్టుకుని తెచ్చినావు. ఆ మాట మీదనే మూడేండ్లు నోరు మెదపలా" అంది శేషమ్మ. ఆయన తలను బాగున్న చేత్తో దగ్గరికి తీసుకుంది.

మర్నాడు యల్లయ్య చాయ్ దుకాణానికి పోలేదు. చీకటి విడవకముందే కొడవలి పట్టుకుని పెరటి మూలకు పోయాడు. శేషమ్మ మొత్తం నరికేస్తాడేమోనని వెనకే పరుగెత్తింది.

"ఇట్ల నిలబడు. చెయ్యి చాపు" అన్నాడు. ఆమె చాపింది. భుజం ఎత్తు చూసుకున్నాడు, మోచెయ్యి ఎక్కడికి వస్తుందో చూసుకున్నాడు. జీవితంలో మొదటిసారి మేక మూతిని కాకుండా మనిషి చేతిని కొలిచి కంచె పని చేశాడు. ఆ ఎత్తున గచ్చతీగను కోసి, రెండు వైపులకూ మళ్ళించి, నారతో కట్టాడు. కింద వాక ముళ్ళు అలాగే ఉంచాడు, మేకల సంగతి మేకలదే. మధ్యలో రెండు చేతులు హాయిగా పట్టే కిటికీ తయారైంది.

అంతలో లీదియా వచ్చింది. కిటికీలోంచి యల్లయ్య మీసాలు కనపడేసరికి గతుక్కుమని వెనక్కి తిరిగింది.

"ఏమ్మా, ఎందుకు పోతావు? పాపకు ఎట్లుంది?"

"నయమన్నా. సూదేసినారు, మందులిచ్చినారు. రాత్రి నిద్రపోయింది" అంది లీదియా నమ్మలేనట్టు.

"ఉండు." యల్లయ్య కుంటుకుంటూ వామాకు గుబురు దగ్గరికి పోయాడు. ఆయన ఎన్నడూ ఆకు కోసిన మనిషి కాడు. అంత పెద్ద చేతులతో గుప్పెడు పట్టి గుంజితే కాడలూ, చీలిన ఆకులూ, కాస్త మట్టీ కలిసి వచ్చాయి. వాటినే భద్రంగా తెచ్చి కిటికీలోంచి అందించాడు. "మిగతా ఆడోళ్ళకు కూడా చెప్పమ్మా, రేపట్నుంచి రమ్మని. నేనీడనే ఉంటా."

లీదియా పోయాక శేషమ్మ తెగిన మొక్కను చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఏందయ్యా ఇది, అచ్చం మేక కొరికినట్టు తుంచినావు?"

యల్లయ్య మొక్కకు వేలాడుతున్న చీలిన ఆకు ఒకటి చేతిలోకి తీసుకుని, చీలికా తొడిమా పరీక్షగా చూసి, "మేకే" అన్నాడు. మూడేళ్ళలో మొదటిసారి ఆ పెరట్లో ఇద్దరూ కలిసి నవ్వారు. మంచం ఆ రోజునుంచీ పగలు గోడకు ఆనించే ఉంది.