అట్ట రైలు మూడో కిటికీ

మా కోరుట్లకు రైలు పట్టాలు వేసినప్పుడు పనిచేసిన ఇంజనీరు దివాకర్, మా గోడకు ఆనుకుని ఉన్న ఇల్లు కొనుక్కుని చేరాడు. సామాను దింపుతుంటే బీరువా ఒక్కటే కనబడింది గానీ, ఫోటో ఫ్రేములు మాత్రం దిగుతూనే ఉన్నాయి. అవి దేవుళ్లవా, పెద్దవాళ్లవా అని నాకు ఒకటే ఆరాటం. మర్నాడు గుప్పెడు కరివేపాకు పట్టుకుని వెళ్లాను.

లోపల అడుగు పెట్టి అలాగే నిలబడిపోయాను. నాలుగు గోడలూ రైళ్లే. పొగ కక్కే బొగ్గింజన్లు. పైన వంతెన ఇంకా పడక, గోదావరిలో ఒంటరిగా నిలబడ్డ స్తంభాలు, వాటి మీద చీమల్లా మనుషులు. ఒక ఇంజనుకు బంతిపూల దండ వేసి కొబ్బరికాయ కొడుతున్నారు. ఇంకోదాంట్లో నడుముకు కొంగు బిగించిన ఆడవాళ్లు తట్టలతో కంకర మోస్తున్నారు. వాళ్లలో ఒకామె తట్ట దించి, ఫోటో తీసేవాణ్ని ఉరిమి చూస్తోంది. ఎప్పటి కోపమో, ఇంకా చల్లారలేదు. ఆ చూపుకు నేనే పక్కకు జరిగాను.

"గివన్ని నువ్వే దీసినవా కొడుకా?"

"అప్పటికి నేను పుట్టనేలే పెద్దవ్వా. రిటైరైన డ్రైవర్ల ఇండ్లల్ల, పాత కాయితాల దుకాండ్లల్ల దేవులాడి తెచ్చిన."

తలుపు పక్కన ఒక చిన్న ఫ్రేము వేలాడుతోంది. అందులో ఉన్నది ఫోటో కాదు, ఫోటో ముక్క. ఇంజను ముక్కు, ఒక చక్రం, తువ్వాల ఎత్తి పట్టుకున్న ఒక మగమనిషి చెయ్యి. అంతే.

"గిదేంది? గీ చక్రం పూరీ లెక్క ఉబ్బింది?"

అతను నవ్వాడు. "అది అట్ట రైలు పెద్దవ్వా. వేములవాడ జాతరల ఫోటో దిగెటందుకు పెట్టింది. గా చెయ్యి మా నాయినది."

వాళ్లది సిరిసిల్ల. తండ్రి రాజనర్సు మరమగ్గాలు నడుపుతాడు. దివాకర్ చంటివాడిగా ఉన్నప్పుడు భార్యాబిడ్డలను జాతరకు తీసుకుపోయి, అట్ట రైల్లో కూర్చోబెట్టి ఫోటో తీయించాడు. ఆ ఏడే ఆమె జ్వరంతో పోయింది. ఆమెది ఇంకో ఫోటో లేదు. తర్వాత ఒక వానాకాలం ఇల్లు కురిసి, ఫోటో అద్దానికి అతుక్కుపోయింది. పీకితే చేతికొచ్చింది ఆ ముక్కే.

"మా అవ్వ మొకం ఎట్లుంటదో నాకు తెల్వది," అన్నాడు, కన్నతల్లి గురించి పక్కింటి సంగతి చెప్పినంత మామూలుగా. "చిన్నప్పుడు అవ్వేదని అడిగితె, రైల్ల కూసోని ఫోటో దిగిందని చెప్పేటోడు నాయిన. అట్ట రైలని నాకేం ఎరుక? రైలు ఫోటో యాడ కనవడ్డా కిడికీలల్ల దేవులాడేటోన్ని. పెద్దగై, సంగతి తెలిసినంక గూడ గా అలవాటు పోలే."

నేను గోడల వైపు మళ్లీ తిరిగాను. ఇందాక ఇంజన్లు చూశాను, ఇప్పుడు కిటికీలే కనబడుతున్నాయి. ఇంకేమీ ఆరా తీయకుండానే బయటికి వచ్చేశాను. మా గల్లీలో ఎవరికి చెప్పినా నమ్మరు.

ఇంటికొచ్చి గంజి వారుస్తుంటే తట్టింది. ఆ రైలు నేనూ ఎక్కాను! నాలుగు కిటికీలు ఉండేవి. ఫోటో తీసేవాడు రైలు బోసిగా ఉండొద్దని, ఎవరో తెలియనివాళ్లను కూడా పక్క కిటికీల్లో కూర్చోబెట్టేవాడు. ఒకటే ఫోటో, రెండు కుటుంబాలకూ చెరొక కాపీ. గంటె చేతిలో పట్టుకునే గోడ దగ్గరికి ఉరికాను.

"దివాకరూ! మీ అవ్వెంబడి గా రైల్ల ఇంకెవ్వరు కూసున్నరు? మీ నాయినకు ఫోన్ జెయ్యి!"

సిరిసిల్ల నుంచి మగ్గాల చప్పుడును మించి అరిచాడు రాజనర్సు. "ఎవ్వరో జగిత్యాల దిక్కోళ్లురా! ఇద్దరు పోరగాండ్లు, ఒక అవ్వ. గిప్పుడెందుకు?"

ఇక కనబడ్డవాళ్లనల్లా అడగడమే నా పని అయింది. జగిత్యాల వైపు పెళ్లి ఉందంటే ముందే చీర కట్టుకునేదాన్ని.

"అత్తా, అక్షింతలెయ్య పోతున్నవా, పోలీసు డ్యూటీకా?" అని మా కోడలు రేణుక దెప్పేది.

చివరికి జగిత్యాలలో ఒక పెళ్లి భోజనాల దగ్గర, మల్లాపూర్ నుంచి వచ్చిన పోచవ్వ అనే ఆమె నా పక్కన కూర్చుంది. నా ప్రశ్న పూర్తికాకముందే అంది:

"అట్ట రైలా? మా ఇంట్ల ఉన్నది. మా అవ్వ, తమ్ముడు, నేను. ఎన్క కిడికీల ఒకామె, ఒళ్లె పిలగాడు. ఎవరో ఏమో, మేమైతె రైలు చుట్టమంటం."

పప్పు నా చీర మీద పడింది. పడనీ అనుకున్నాను.

మర్నాడు దివాకర్‌తో మల్లాపూర్ వెళ్లాను. నన్ను కారులో వెనక కూర్చోబెట్టాడు. ఫోటో ముక్క ఉన్న ఫ్రేము పక్క సీట్లో పెట్టుకున్నాడు. పోచవ్వ గోడ మీది ఫోటో దించి, కొంగుతో తుడిచి అతని చేతికిచ్చింది. అతను కిటికీల వైపు చూడలేదు. ముందు చక్రం చూశాడు.

"గీ చక్రానికి రాడ్ లేదు. గిట్లుంటె ఇంజను నడవది."

"అది నడిచెటందుకు గాదు కొడుకా," అన్నాను. "పైకి జూడు."

తన ముక్కను పక్కన పెట్టాడు. ఫోటో అంచున అదే చెయ్యి. అదే తువ్వాల, దానికి అదే మడత. ఇక చూడక తప్పలేదు.

మూడో కిటికీలో ముక్కుపుల్ల పెట్టుకున్న ఒక చిన్నది, ఒళ్లో పిల్లవాడు. పిల్లలతో సహా అందరూ ఫోటో తీసేవాడి వైపు బిగుసుకుని చూస్తున్నారు. ఆమె ఒక్కతే పక్కకు తిరిగి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. దివాకర్ వేలు ఆ ముఖం దగ్గర బయలుదేరి, అద్దం మీద మెల్లగా జరుగుతూ, తువ్వాల ఊపుతున్న చేతి దగ్గర ఆగింది.

"అయితె నువ్వు మా రైలు చుట్టం కొడుకువా?" అంది పోచవ్వ. "నకలు దీస్కో, ఫోటో మాత్రం ఇయ్య. ఆమె మా ఇంటి మనిషి. ఫో, కాళ్లు గడుక్కోని రా, బువ్వ దిందువు."

అతను లేవలేదు. ఫోన్ తీసి తండ్రికి చేశాడు.

"నాయినా, అవ్వ దొరికింది."

అవతల మగ్గాల చప్పుడు. తర్వాత ఒక్కొక్క మగ్గమే ఆగుతూ వచ్చింది. అంతా సద్దుమణిగాక రాజనర్సు గొంతు సన్నగా వినబడింది.

"ఎట్లున్నదిరా?"

"నీ దిక్కే జూస్తుంది నాయినా."